అలివేలు నడక

10 మే 1945, గురువారం

అలివేలు బావిలో లేదు.

నిన్న పొద్దున్నుంచి మా చుట్టుపక్కల బావులన్నీ గాలించాం. అలివేలు మొగుడు దేవరాజులు బావ తన చేత్తోనే పాతాళగరిగె దించి చూశాడు. రెండు చేదలు, ఒక ఇత్తడి చెంబు బయటికి వచ్చాయి. చెంబు నాదంటే నాదని ఎదురింటి అక్కమ్మా, ఇంకొకావిడా అక్కడే తగువుకు దిగారు. మా చెల్లెలు కనబడక మేం ఏడుస్తుంటే వీళ్ళకు చెంబు కావలసి వచ్చింది.

మంగళవారం రాత్రి గంగమ్మ జాతర చాటింపు. డప్పు వీధిలోకి వచ్చినప్పుడు అలివేలు వాకిట్లోనే నిలబడి ఉందని బావ చెప్తున్నాడు. తెల్లారి లేచి చూస్తే లేదు. కట్టుకున్న నీలం నేతచీర తప్ప ఇంట్లోంచి ఏమీ పోలేదు.

పోలీసు స్టేషన్లో రైటరు "రేణిగుంట పోయి రైళ్ళ దగ్గర అడగండి" అన్నాడు. నెల్లూరు నుంచి వచ్చి ఆరునెలలు కాలేదు, అతనికేం తెలుసు. చాటింపు పడ్డాక జాతర ముగిసేదాకా ఈ ఊరివాళ్ళు పొలిమేర దాటరు. మా మేనత్త పోయిందని చంద్రగిరి నుంచి కబురొస్తే మా నాయన జాతర అయ్యేదాకా కదల్లేదు. అలాంటిది అలివేలు దాటుతుందా? బతికున్నా చచ్చినా ఊళ్ళోనే ఉండాలి. ఎవరో దాచారు, లేదంటే ఎవరో ఏదో చేశారు. ఆ ఎవరో ఎవరన్నది నేను తేల్చాలి.

ఈ డైరీ ప్రెస్సు యజమాని తిరుమలయ్యగారు ఉగాదికి ఇచ్చింది. పొద్దస్తమానం ఊరివాళ్ళ మాటలు అచ్చుకు కూర్చేవాడికి డైరీ ఎందుకని అప్పుడు నవ్వాను. ఇప్పుడు పనికొచ్చింది. మనసులో ఉన్న అనుమానాలు నోటితో అంటే వీధిలో తలలు పగులుతాయి.

11 మే, శుక్రవారం

జట్కా కుప్పయ్య మీద నా అనుమానం.

వాడు మా వీధి చివర ఉంటాడు. అలివేలును ఎప్పుడు బండెక్కించుకున్నా డబ్బులు పుచ్చుకోడు. ఎందుకు పుచ్చుకోవు అని ఇవాళ నిలదీశాను.

"కాలు సరిగ్గా లేని ఆడమనిషి గదప్పా. రోంత దూరానికి ఏం తీసుకునేది" అన్నాడు.

ఊళ్ళో కాలు సరిగ్గా లేనివాళ్ళు ఎంతమంది లేరు? అందరికీ ఇలాగే చేస్తున్నాడా? పైగా బుధవారం పొద్దున వాడి గుర్రం కాళ్ళ నిండా ఎర్రమన్ను ఉండడం నేను కళ్ళారా చూశాను. ఏట్లో కడగడానికి పోయినానంటాడు. ఏట్లో కడిగితే మన్ను పోతుందా, అంటుకుంటుందా?

వాడు నా ముఖం చూడకుండా గుర్రానికి గడ్డి వేస్తూ మాట్లాడాడు. గుర్తు పెట్టుకోవాలి.

13 మే, ఆదివారం

కరపత్రం కూర్చాను. యుద్ధం పుణ్యమా అని కాగితం లేదు. యజమాని చేతులెత్తేశారు. బావే ఎక్కణ్ణుంచో ఒక కట్ట తెచ్చి పెట్టాడు. రేషను కాలంలో బియ్యపు అంగడివాడికి దొరకనిదేముంది.

"కనబడుట లేదు. తిరుపతి వాస్తవ్యురాలు అలివేలమ్మ, వయస్సు 26, చామనచాయ, నీలపు నేతచీర. ఈమె ఆచూకీ తెలిసినవారు దేవరాజులు బియ్యపు అంగడి, తిరుపతి అను విలాసమునకు తెలుపవలెను. తగిన బహుమానము ఇవ్వబడును."

ఎడమకాలు ఈడ్చి నడుచును అని కూడా కూర్చాను. చిన్నప్పుడు జ్వరం వచ్చి పోయిన కాలు అది. పెద్దగా తెలియదు గానీ, అడుగు వేస్తే ఎడమ మడమ ఒక రవ్వ వెనకబడి వస్తుంది. ప్రూఫు ఇంటికి తెచ్చి చదివితే అమ్మ నా చేతిలోంచి లాక్కుంది.

"కుంటిదని అచ్చేసి గోడలకు అంటిస్తావా? పెండ్లి సూపుల్లోనే ఆ మాట ఎవురి నోటా రానీలేదు నేను. రేపు బిడ్డ ఇంటికొస్తే మొకం ఎట్ల సూపించేది?"

"అమ్మా, అది రాస్తేనే గదా గుర్తుపట్టేది."

"గుర్తుపట్టే వాళ్ళు మొకం సూసి పడతారు."

ఆ పంక్తి తీసేశాను. చదివి తిరుమలయ్యగారు "ఈ గుర్తులతో మా ఇంటిదాన్ని కూడా పట్టుకుపోవచ్చు నాయనా" అన్నారు. నాకు ఒళ్ళు మండింది.

విలాసంలో నా పేరు కూడా వేద్దామంటే బావ వద్దన్నాడు. "నువ్వు పొద్దంతా ప్రెస్సులో ఉంటావు. వచ్చినోళ్ళు తిరిగి పోతారు" అన్నాడు. అదీ నిజమే.

17 మే, గురువారం

నిన్న తెల్లవారి అమ్మవారి మట్టిబొమ్మకు చెంప నరికారు. జాతర అయింది. ఇవాళ రేణిగుంట, చంద్రగిరి రెండూ తిరిగాను. రేణిగుంటలో టిక్కెట్ల గుమాస్తా కరపత్రం చూసి "వారం అయినాక వచ్చి అడిగితే ఎట్లప్పా? ఈ వారంలో కాశీకి పోయి తిరిగొచ్చినోళ్ళుండారు" అన్నాడు.

జాతర వారం గదయ్యా అన్నాను. ఆయన అరవ మనిషి. అర్థం కాలేదు.

2 జూలై

ఏమీ లేదు.

19 ఆగస్టు, ఆదివారం

యుద్ధం పూర్తిగా అయిపోయిందట. కాగితం మాత్రం దొరకదు. మిగిలిన కరపత్రాలు అలిపిరిలో, కొండెక్కే దారి మొదట్లో అంటించి పొద్దంతా అక్కడే కూర్చున్నాను. అన్ని ఊళ్ళ జనం అటు పోవలసిందే గదా. చదివినవాళ్ళు చదివారు. ఒక మేక సగం కాగితం తినేసింది.

నాయుడుపేట నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన గుండు గీయించుకుని దిగుతూ, నిలబడి రెండుసార్లు చదివాడు. నేను లేచి నిలబడ్డాను. తీరా ఆయన అడిగింది వేరే.

"మా తమ్ముడు జయరావు కూడా కనబడకుండా పోయినాడు నాయనా. నాలుగేండ్లయినాది. మీ కాగితంలో అడుగున రోంత చోటుండాది. వాని పేరు గూడా రాయండి. కుడిచేతికి ఆరువేళ్ళు."

ఇదేమన్నా ధర్మసత్రమా అనుకున్నాను. కానీ ఆయన అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాడు. నాలుగేళ్ళుగా ఆ మాట అడగడానికి ఒక్క మనిషి దొరకలేదట. పెన్సిలుతో ప్రతి కాగితం మీదా జయరావు పేరు, ఆరువేళ్ళ సంగతి రాశాను. తమ్ముడికి ఆరువేళ్ళున్నాయని ఆయన ఏ సిగ్గూ లేకుండా చెప్పాడు.

9 నవంబరు, శుక్రవారం

దీపావళి వెళ్ళిన తర్వాత ఇవాళ బావ ఇంటికి పోయాను. పెరట్లో ఎప్పుడూ ఉండే పాతర కనబడలేదు. ధాన్యం దాచే ఆ గొయ్యి తాతల నాటిది, మనిషి లోపల నిలబడితే తల కనబడదు. అక్కడిప్పుడు చదునుగా మన్ను, దానిమీద బంతిచెట్లు.

"పాతర ఎప్పుడు పూడ్సినావు బావా?"

"అదా, ఎలకలు పడి పాడైపోయినాది. జాతర వారంలోనే పూడ్సేసినా."

జాతర వారంలో.

పెళ్ళాం కనబడక ఊరంతా బావులు వెతుకుతున్న వారంలో ఈ మనిషికి ఎలుకలు గుర్తొచ్చాయి. ఆ ఏడుపు, ఆ పాతాళగరిగె, ఆ కాగితం కట్ట, అన్నీ వరసగా కళ్ళముందు తిరిగాయి. ఒక్క ఆచూకీ కూడా నా దాకా రాలేదే, అన్నీ ఆ అంగడికే పోవాలని రాయించాడే. కుప్పయ్యా, బావా కలిసి చేసి ఉంటారా? గుర్రం కాళ్ళ మన్ను పాతర మన్నేనా?

అమ్మతో అనలేదు. బావ ఇచ్చిన కాఫీ తాగి వచ్చాను. తాగకుండా ఉండాల్సింది.

10 నవంబరు

పోయిన ఉగాదికి అలివేలు వచ్చినప్పుడు అన్నం తింటూ "అన్నా, పాతరలో మనిషిని దించి మూతేస్తే గాలి ఆడదు, తెలుసా" అంది. దీపం దించి చూసి, ఆరిపోతే దిగకూడదని పిల్లలకు కూడా తెలుసు కదా అన్నాను. మజ్జిగ పోసుకుని తినేసి వెళ్ళిపోయింది.

పాతర గురించి ఎవరైనా అనే మాటే అది.

4 డిసెంబరు

రైటరుతో పాతర సంగతి చెప్పాను. "సాక్షి ఎవరు?" అన్నాడు. బంతిచెట్లు సాక్షి అన్నాను. పొమ్మన్నాడు. వాళ్ళింటికి బియ్యం ఎక్కణ్ణుంచి వస్తాయో నాకు తెలియదా.

ఫిబ్రవరి 1946

తేదీ గుర్తులేదు. ఈ ఏటికి డైరీ లేదు, పాతదాని వెనక పుటల్లో రాస్తున్నాను. నిద్రలో పళ్ళు కొరుకుతున్నానని మా ఇంటిది ఆనందమ్మ అంటోంది. ఎవరి పేరైనా పలవరించానా అని అడిగాను. లేదట. నిజం చెప్తోందో లేదో.

7 మే 1946, మంగళవారం

ఇవాళ చాటింపు. ఏడాదయింది. ఊళ్ళో అలివేలు పేరెత్తేవాళ్ళు లేరు. "పాపం" అనడం కూడా మానేశారు. గోడల మీద కరపత్రాలు ఎండకు తెల్లబడిపోయాయి, కొత్తవి వేయడానికి కాగితం అడిగితే బావ ఇస్తాడు, అది నాకు అక్కర్లేదు.

ఒక ఆలోచన వచ్చింది. వచ్చే మంగళవారం జాతరనాడు మగవాళ్ళంతా ఆడవేషాలు కడతారు. వేషం కట్టినవాడు ఎవరినేమన్నా, ఎంత బూతు తిట్టినా దోషం లేదు. తిట్టించుకున్నవాడు నోరెత్తకూడదు, అది అమ్మవారి సేవ.

నేను అలివేలు వేషం కడతాను. ఏ పోలీసు అడగని మాట వాకిట్లో నిలబడి నేనే అడుగుతాను.

14 మే 1946, మంగళవారం

వరసగా రాయాలి.

పొద్దున్నే ఆనందమ్మ చీర కట్టింది. అలివేలు చీరే, మా ఇంట్లో ఉండిపోయినది. "మీకు కుచ్చిళ్ళు నిలవవు, కదలకండి" అంటూ నవ్వబోయి ఏడ్చింది. సవరం, మల్లెపూలు, కాటుక. మీసం తీసేశాను. అమ్మ లోపలి గదిలోంచి బయటికి రాలేదు.

వీధిలోకి దిగి ఎడమకాలు ఈడ్చాను. చిన్నప్పుడు దాన్ని ఏడిపించడానికి ఆ నడక ఎన్నిసార్లు నడిచానో. అలవాటు పోలేదు. నాలుగడుగులు వేసేసరికి అక్కమ్మ చేతిలో చేట కింద పడేసింది. "ఓయమ్మా, అలివేలే" అంది. ఇంక జనం నా వెంటపడ్డారు.

ప్రతి వాకిట్లో ఒకటే మాట అడిగాను. "నేను అలివేల్ని. పోయినేడు ఈ ఊళ్ళోనే మాయమైనా. నన్ను సూసినారా? నన్ను మరిసిపోయినారా?" నాయుడుపేట జయరావు పేరు కూడా అరిచాను, ఆరువేళ్ళ సంగతి చెప్పాను. మొదట నవ్వారు. తర్వాత నవ్వలేదు. ఆడవాళ్ళు నా కాళ్ళకు పసుపునీళ్ళు పోసి, అంబలి ఇచ్చి, ముఖం తిప్పుకున్నారు.

కుప్పయ్య బండి దగ్గర నిలబడి వాణ్ణి తిట్టాను. వాడి అమ్మను, ఆలిని, గుర్రాన్ని ఎవరినీ వదల్లేదు. "నన్ను యాడ దించినావురా కుప్పా?" అని అడిగాను. వాడు తలవంచుకుని గుర్రం మెడ నిమురుతూ నిలబడ్డాడు. తప్పు చేసినవాడు గనకనే నోరు లేవలేదు అనుకున్నాను.

తర్వాత బావ ఇల్లు. తలుపు వేసి ఉంది. జాతరనాడు వేషానికి తలుపు వేసుకునేవాడు ఈ ఊళ్ళో లేడు. నేను తలుపు కొట్టాను.

"ఏమయ్యో, నీ పెండ్లాన్ని వచ్చినా. నేను పాతరలో ఉండానా? బంతిచెట్ల కింద ఉండానా? తవ్వి సూపించు."

లోపల అడుగుల చప్పుడు వినబడింది, తలుపు తెరుచుకోలేదు. "తవ్వల్ల, తవ్వల్ల" అని జనం అందుకున్నారు. నాకు అమ్మవారు పూనినట్టే ఉంది.

అప్పుడు వెనక ఎవరో ఆడమనిషి పకపకా నవ్వింది. తల తిప్పి చూశాను. నడివయసు మనిషి, పొంగలి పెట్టుకోవడానికి పైఊరి నుంచి వచ్చినట్టుంది.

"సూడు మే, అచ్చం మా తోపులో గంపలు కట్టే మునెమ్మ మాదిరే నడస్తా ఉండాడు. ఆ కాలు అట్ల ఎనకబడి రావడం, ఆ సెయ్యి నడుంమీద పెట్టడం."

అలివేలు నడుం మీద చెయ్యి పెట్టి నడిచేది. నేను చెయ్యి పెట్టానని నాకే తెలియదు.

జనం అరుపుల్లో ఆ మాట ఎవరికీ వినబడలేదనుకుంటాను. నేను ఆవిడ వెంటబడి, గుడి సందులో పట్టుకుని అడిగాను. పేరు నాగులమ్మ. ఊరు బంగారుపాళ్యం. మునెమ్మ ఎప్పుడొచ్చిందంటే "పోయినేడు కాయల కాలంలో. మొగుడు సచ్చిపోయినాడంది. యాడిదో తెలీదు. మంచి మనిషి" అంది.

ఇప్పుడే బయలుదేరాలి. బస్సుంది. కానీ రేపు తెల్లవారి చెంప నరికేదాకా పొలిమేర దాటరాదు. చీర విప్పకుండానే కూర్చున్నాను. పోయినేడు కూడా మేం ఇలాగే కూర్చున్నాం. ఇదంతా దానికి ముందే తెలుసా?

17 మే 1946, శుక్రవారం

చిత్తూరులో బస్సు మారి బంగారుపాళ్యం పోయాను. ప్రెస్సు పని మీద చిత్తూరు అని ఇంట్లో చెప్పాను.

మామిడితోపులో ఆడవాళ్ళు వరసగా కూర్చుని గంపల్లో గడ్డి పరిచి కాయలు పేరుస్తున్నారు. నన్ను చూసి ఒకామె లేచి, ఎడమకాలు ఈడ్చుకుంటూ తోపు లోపలికి నడిచింది. పరిగెత్తలేదు. దాని వెనకే పోయాను. చిక్కిపోయింది. నల్లబడింది. నేను ఏడ్చాను. అది ఏడవలేదు.

"అమ్మ ఎట్లుండాది?" అని అడిగింది.

"సగమైపోయినాది. నీ మొగుడు సంపేసినాడనుకున్నా నిన్ను. జాతరలో తలుపు కొట్టి అడిగినా."

"సంపేవాడే. రెండుమాట్లు పాతరలో దించి మూత ఏసినాడు. ఎదురు సెప్పినానని ఒకతూరి, ఆడ దాసిన బియ్యం సంగతి అక్కమ్మతో అన్నానని ఒకతూరి. దీపం గూడా ఇయ్యలేదు. మూడోతూరి మూత తియ్యడని తెలిసిపోయినాది."

"చాటింపు పడినాక పొలిమేర దాటినావే. గంగమ్మంటే భయం ల్యా?"

"గంగమ్మ ఏం సేసినా మూత ఎయ్యదు గదన్నా."

రాలిన కాయ ఒకటి తీసి కొంగుతో తుడుస్తూ మళ్ళీ అంది. "వారందాకా మీరెవురూ కదలరని తెలుసు. ఆయప్ప కదల్డు, నువ్వు కదలవు. కుప్పయ్యన్న పొలిమేర రాయిదాకా దించినాడు. ఆయన దాటలేదు. ఆడ్నుంచి నేను నడిసినా."

కుప్పయ్య.

ఇంటికి పోదాం రమ్మన్నాను.

"ఎవురింటికి? మీ ఇంటికి మూడుతూర్లు వచ్చినా గదా" అంది.

ఉగాదినాడు అన్నం తింటూ అది అన్న పాతర మాట గుర్తొచ్చింది.

"నీ మొగుడు ఊరంతా తిరిగి ఏడస్తా ఉండాడే" అన్నాను.

"ఏడస్తాడు. నేను యాడుండి ఏ ఆఫీసరుకు ఏం సెప్తానో అని ఏడస్తాడు. ఆ కాగితంలో అంగడి విలాసం వేయించింది ఎందుకనుకున్నావు? అది ఈడికీ వచ్చినాదన్నా, కాయల బండిలో. ఆ పొద్దు నాకు సంగటి దిగలేదు. కాలు సంగతి అందులో లేదు గాబట్టి బతికిపోయినా."

నేను కూర్చిన అక్షరాలు. నా చేత్తో నేను కూర్చినవి.

బయలుదేరేటప్పుడు నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు ఎతకడం ఆపొద్దు. ఆపితే ఆచూకీ దొరికినాదని పసిగడతాడు. అమ్మకు సెప్పొద్దు. ఆయమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. నా మీద ఒట్టు."

ఒట్టు వేశాను.

18 మే

నిన్న నేను లేనప్పుడు బావ పదిమందిని పిలిచి పాతర తవ్వించాడట. అడుగుదాకా మన్ను, ఎలుకల బొక్కలు, అంతే. "సూడండప్పా, నా బావమరిదే నన్ను హంతకుణ్ణి సేసినాడు" అని నడివీధిలో గుండెలు బాదుకున్నాడట. ఊరు మొత్తం వాడి వైపే.

పోయి కాళ్ళు పట్టుకున్నాను. క్షమించమన్నాను. లేవదీసి కౌగిలించుకున్నాడు. నా వీపు మీద వాడి చెయ్యి ఉన్నంతసేపూ ఊపిరి బిగబట్టాను.

19 మే

కుప్పయ్య బండి పక్కనుంచి నడిచి వెళ్ళాను. గుర్రానికి బెల్లంముక్క పెట్టాను.

22 సెప్టెంబరు 1946

కొత్త కరపత్రం. బావే అడిగి వేయించాడు. "నెల్లూరు దిక్కున చూచినట్లు తెలియవచ్చినది" అని నేను కలిపాను. ఎవరు చెప్పారని అడిగాడు. కొండకు వచ్చిన యాత్రికుడు అన్నాను. నా కళ్ళలోకి చాలాసేపు చూశాడు.

11 ఫిబ్రవరి 1947

అమ్మ పొద్దున సంగటి ముద్ద ముట్టుకోలేదు. వారం నుంచి ఇదే వరస. ఒట్టి మజ్జిగ నీళ్ళు.

"సెప్పరా చెంగల్రాయా. సచ్చిపోయిందా? సచ్చిపోయినాదని సెప్తే కర్మ సేయించి నేనూ పోతా. బతికుండాదని సెప్తే కూడు తింటా. ఏదో ఒకటి సెప్పు."

నోటిదాకా వచ్చింది. వాకిట్లో బావ కూర్చుని ఉన్నాడు. ఈమధ్య రోజూ వస్తున్నాడు. అత్తను పలకరించిపోదామని అంటాడు. పలకరించి, ఏమన్నా తెలిసిందా అత్తా అని అడిగి పోతాడు. అమ్మ ఆయనతో అన్నీ చెప్తుంది, నేను ఏ ఊరు పోయానో, ఎప్పుడు వచ్చానో అన్నీ.

తెలియదమ్మా అన్నాను.

29 ఏప్రిల్ 1947

ఇవాళ బావ ప్రెస్సుకు వచ్చాడు.

"ఈ ఏడు గూడా వేషం కట్టు. నేను నీ ఎంబడే తిరగతా. పైఊర్ల జనం వస్తారు గదా, ఎవురికన్నా గుర్తు తగలొచ్చు." ఆగి, పేర్చిన అక్షరాలు వేలితో కెలుకుతూ అన్నాడు. "పోయినేడు నీ వేషం సూసి ఎవురో ఆడమనిషి నవ్విందంట గదా. ఏమనింది?"

"మగాడు చీర కడితే నవ్వరా బావా?"

"యా ఊరామె?"

"అడగలేదు."

"అడగాల్సింది" అన్నాడు.

కట్టకపోతే ఎందుకు కట్టలేదంటాడు. కడితే ఎవరో ఒకరు గుర్తుపడతారు, ఈసారి వాడి చెవిలోనే పడుతుంది. నాగులమ్మను రావద్దని కబురు పంపాను. ఆ తోపులో దాని నడక ఎరిగినవాళ్ళు ఇంకెంతమంది ఉన్నారో.

13 మే 1947, మంగళవారం

ఆనందమ్మ చీర కట్టింది. ఈసారి ఏమీ మాట్లాడలేదు. బావ వాకిట్లో తెల్లపంచె కట్టుకుని నిలబడి ఉన్నాడు. అమ్మను కూడా తెచ్చి అరుగు మీద కూర్చోబెట్టారు. ఎముకల గూడు. తొలి నీళ్ళు ఇంటివాళ్ళే పోయాలని అక్కమ్మ పట్టుబట్టింది, ఈవిడ లేకుండా మా ఇంట్లో ఏదీ జరగదు.

గడప దాటి కుడికాలు ఈడ్చాను.

రాత్రంతా ఆలోచించి పెట్టుకున్నదే. చేతులు రెండూ వదిలేశాను, నడుం మీద పెట్టలేదు. నాలుగడుగులు వేశాను. బావ నా పక్కనే జనం ముఖాలు ఒక్కొక్కటీ చూసుకుంటూ నడుస్తున్నాడు.

"ఇదేందబ్బా" అంది అక్కమ్మ. "పోయినేడు ఎడమకాలు గదా ఈడ్సినావు? ఇప్పుడు కుడిది ఈడస్తా ఉండావే."

డప్పులవాళ్ళు కూడా ఆపేశారు. అందరూ నా కాళ్ళకేసి చూశారు. బావ చూశాడు. కాళ్ళు చూసి, నా ముఖం చూసి, మళ్ళీ కాళ్ళు చూశాడు. కాటుక చెమటతో కారి నా కంట్లో పడింది.

అమ్మ గోడ పట్టుకుని లేచింది. ఎవరో సాయం రాబోతే తోసేసింది. నా దగ్గరికి వచ్చి నా కాళ్ళు చూసింది. తర్వాత నా ముఖంలోకి చూసింది. ఇన్నేళ్ళలో అమ్మ నన్ను అట్లా ఎప్పుడూ చూడలేదు. నేను చూపు దించలేదు.

"కుడికాలే" అంది గట్టిగా. "కన్నదాన్ని నేను, నాకు తెలీదా? పోయినేడే వాడు తప్పు నడిసినాడు. నేను లోపల పడుకోనుంటి, సెప్పేవాళ్ళు లేకపాయె. ఇదీ మా అలివేలు నడక. అచ్చం ఇదే."

అక్కమ్మ బావ వైపు తిరిగింది. "ఏమప్పా, నిజమేనా?"

"అవునవును" అన్నాడు బావ. "కుడిదే."

తొమ్మిదేళ్ళు కాపురం చేశాడు.

డప్పు మళ్ళీ మొదలైంది. అమ్మ చెంబు తీసుకుని నా కాళ్ళకు పసుపునీళ్ళు పోసింది. వంగి తుడుస్తూ నా ఎడమ మడమను రెండు చేతులతో పట్టుకుని కాసేపు వదల్లేదు. ఊరంతా తిరిగాను. కుప్పయ్యను పోయినేటి కంటే ఎక్కువ తిట్టాను, వాడు పోయినేటి లాగానే తలవంచుకుని నిలబడ్డాడు, కాకపోతే మీసాల కింద నవ్వు దాచుకోవడం కనబడింది. అలివేలు పొడుగు, రంగు, పుట్టుమచ్చ అన్నీ తప్పు చెప్పాను. నాయుడుపేట జయరావు గుర్తులు మాత్రం సరిగ్గా చెప్పాను. ఎవరూ నవ్వలేదు, ఎవరూ గుర్తుపట్టలేదు. పొద్దుగూకేసరికి బావ విసిగిపోయి ఇంటికి వెళ్ళాడు.

చీర విప్పి లోపలికి పోయేసరికి అక్కమ్మ అమ్మ పక్కన కూర్చుని ఆరా తీస్తోంది. "నీ మనసుకేమని తోస్తా ఉండాది గంగులమ్మక్కా, బతికుండాదంటావా?" అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "నా బిడ్డ యాడ పోయినాదో ఆ తల్లికే తెలియాల" అని గోడకు తల కొట్టుకుంది. అక్కమ్మ కూడా ఏడ్చి, ముక్కు చీది, వెళ్ళిపోయింది.

అమ్మ కళ్ళు తుడుచుకుంది. వాకిలి గడియ పెట్టమంది. నన్ను ఏమీ అడగలేదు. ఆనందమ్మ సంగటి ముద్ద పెడితే తినేసి, ఇంకో ముద్ద పెట్టమంది.